ఫ్యాషన్ ప్రదర్శనలలో మేము నేర్చుకొన్నది

"ఫ్యాషన్" అనే మాట మన ఇండ్లలో మెచ్చుకోలుగా వినిపించడం అరుదు. జడ కత్తిరించుకొన్న పిల్లనూ, బిగుతు పంట్లాం తొడిగిన కుర్రవాణ్ణీ మందలించడానికే పెద్దలు ఆ మాటను దాచి ఉంచుకొన్నారు. మేమూ ఆ పెద్దలలో చేరినవారమే. ఇరవై యేండ్లకు పైబడి ఒక కార్యాలయంలో గుమాస్తాగా పద్దులు సరిచూస్తూ, ఏడాదికి నాలుగు తెల్ల చొక్కాలతో కాలం గడుపుకొస్తున్న మాకు బట్టల గురించి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదనుకొన్నాము. ఆ అభిప్రాయం ఎలా మారినదో చదువరులకు విన్నవించుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా అక్క కూతురు పి.యు.సి. చదువుతూ ఉండగానే, ముందు ఫ్యాషన్ డిజైను చదువుతానని పట్టుపట్టింది. అక్కకు ఏమీ తోచక, "నీ మాటయితే వింటుంది, నచ్చజెప్పరా" అని భారం మా మీద పెట్టింది. "కుట్టుపని నేర్చుకోవడానికి లక్షలు పోయాలా? హాయిగా బి.కాం.లో చేరు" అని మేము తీర్పు చెప్పేశాము. పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. "ఒక్కసారి వచ్చి చూడు మామా. చూసిన తరువాత కూడా వద్దంటే మానేస్తాను" అన్నది. కాగితం చూడకుండా తిరగగొట్టడం గుమాస్తా ధర్మం కాదు గదా! ఒప్పుకొన్నాము.

మొదట చూసినది ఇక్కడి ఒక కళాశాల విద్యార్థుల ప్రదర్శన. చివరి సంవత్సరం పిల్లలు తాము తయారుచేసిన దుస్తులను అందులో చూపుతారు. మేమూ మా ఇంటావిడా వెనుక వరుసలో కూర్చున్నాము. చెవులు గింగురుమనే సంగీతం, కళ్ళు చెదిరే దీపాలు. ఒకరి వెనుక ఒకరుగా అమ్మాయిలు నవ్వకుండా నడిచి వస్తారు, క్షణం నిలబడతారు, తిరిగిపోతారు. అరగంటలో అంతా అయిపోయినది. ఇంతేనా అనిపించింది.

ఇంటికి వస్తూ మెట్రో రైలులో మా ఆవిడ, "ఆ నాలుగో అమ్మాయి గళ్ళ కోటు చూశారా? కుట్టు దగ్గర గడికి గడి అతికింది. మన దర్జీ ఏనాడైనా అంత ఓపిక పట్టాడా?" అన్నది. మేము చూడనే లేదు. పద్దులో పైసా తప్పితే పట్టుకొనే మా కళ్ళు, అరగంట సేపూ మొహాలు మాత్రమే చూసి వచ్చినవి! ఆ సంగతి తెలిసి లోలోపల సిగ్గుపడ్డాము.

ఆ సిగ్గే మమ్మల్ని రెండవ ప్రదర్శనకు తీసుకుపోయినది. ఈసారి కొంత తెలుసుకొని వెళ్ళాము. బట్టను బొమ్మకు కాక మనిషికి తొడిగి, నడిపించి చూపే పద్ధతికి పేరు తెచ్చినవాడు చార్లెస్ వర్త్ అనే ఇంగ్లీషువాడు. 1858లో పారిస్ నగరంలో దుకాణం తెరిచాడు. నడిచే మనిషి మీదగాని బట్ట గుణం తెలియదని అతని లెక్క. నడిచే పిల్ల నవ్వకపోవడానికి కారణం కూడా ఇదే అని మా మేనకోడలు చెప్పినది. చూడవలసింది ఆమెను కాదు, ఆమె తొడిగిన దానిని. మన దేశంలో ఫ్యాషన్ వారోత్సవాలు 2000లో ఢిల్లీలో మొదలైనవి. మన బెంగుళూరులో పెరిగిన దీపికా పడుకోణె సినిమాలకు ముందు, 2005లో, ఇటువంటి వేదిక మీదనే నడిచినది.

ఆ రోజు మేనకోడలి స్నేహితురాలి దయవల్ల తెర వెనుకకు కూడా వెళ్ళాము. అక్కడ గోడకు అంటించిన పట్టీ చూసి ఆశ్చర్యపోయాము. వరుస సంఖ్య, నడిచే అమ్మాయి పేరు, దుస్తు, చెప్పుల కొలత, నగ, వేదిక మీదికి పోవలసిన సమయం, అన్నీ గడులు గడులుగా వ్రాసి ఉన్నవి. మా ఆఫీసు రిజిస్టరు కంటె శుభ్రంగా ఉన్నదని ఒప్పుకోక తప్పదు. ఒక పిల్ల నోట గుండుసూదులు కరచుకొని, మోకాళ్ళ మీద కూర్చొని, ఊడిన అంచును రెండు నిమిషాలలో కుట్టేసినది. ఆ చేతులు వణకలేదు. దీనిని పని అనకపోతే మరి దేనిని అంటాము?

మూడవది చేనేత బట్టల ప్రదర్శన. ఇది మమ్మల్ని కదిలించినది.

కాకినాడ జిల్లా ఉప్పాడ జాందానీ చీరలు అందులో చూపారు. జాందానీ అంటే పడుగు మీద పువ్వు ఉండవలసినచోట మాత్రం విడి పోగును చేతితో చొప్పించి నేయడం. పెద్ద పనితనం ఉన్న చీరకు ఇద్దరు నెలల తరబడి కూర్చోవాలి. ఉప్పాడ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ నేతను ఫ్యాషన్ వేదికల మీద నిలిపినవారిలో హైదరాబాదుకు చెందిన గౌరంగ్ షా ముఖ్యులు. 2018లో వచ్చిన "మహానటి" చిత్రంలోని దుస్తులకుగాను ఆయన మరి ఇద్దరితో కలిసి జాతీయ బహుమతి కూడా అందుకొన్నారు.

ప్రదర్శన ముగిసిన తరువాత ఒక నేతగాణ్ణి వేదిక మీదికి పిలిచారు. పంచె కట్టుకొన్న పెద్దాయన. దీపాల వెలుగుకు కళ్ళు చికిలించుకొంటూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. సభ అంతా లేచి చప్పట్లు కొట్టినది. మేమూ లేచాము గాని, చప్పట్లు కొట్టలేకపోయాము. ఆ నిలబడడం మా నాయన నిలబడడమే.

మా నాయన ధర్మవరం నుండి వచ్చి, కబ్బన్‌పేటలోని ఒక చీకటి గదిలో గుంట మగ్గం వేసుకొని మమ్మల్ని చదివించాడు. బడిలో తండ్రి వృత్తి అడిగితే మేము "వ్యాపారం" అని వ్రాశాము. ఉద్యోగంలో చేరినాక ఎవరడిగినా అదే చెప్పాము. ఆయన పోయిన ఏడాదికే ఆ మగ్గపు కొయ్యలను కట్టెల అడితికి తోలించాము. ఇల్లు ఇరుకని ఒక సాకు. నిజానికి వచ్చేపోయేవారి కంట పడకూడదనే. ఈ సంగతి మా ఇంటావిడకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

ఆ రాత్రే అక్కకు ఫోను చేసి, "పిల్లను చదవనీ అక్కా" అన్నాము. అక్క కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాయన నాడె ఒకటి నా పెట్టెలో ఉందిరా. నీవు అమ్మినప్పుడు అదొక్కటి దాచినాను" అన్నది.

చదువరులు అపార్థం చేసుకోకూడదు. ఫ్యాషన్ చదివిన వారందరికీ బంగారు పళ్ళెం దొరుకుతుందని మేము అనడం లేదు. నిఫ్ట్ అనే ప్రభుత్వ విద్యాసంస్థ 1986లో ఢిల్లీలో పుట్టి, తరువాత హైదరాబాదుకూ, మన ఊరికీ వచ్చినది. అందులో చేరాలంటే ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. బయటి కళాశాలలలో రుసుము ఎక్కువ. చేరేముందు పాత విద్యార్థులను కలిసి, ఎక్కడ పనిచేస్తున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది. ప్రదర్శనలలోనూ లోపాలు లేకపోలేదు. డిజైనరు పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది. నేసినవాని పేరు చాలాచోట్ల ఉండనే ఉండదు. మీరు వెళ్ళినప్పుడు మొహాలు చూడడం ముగించి కుట్టు చూడండి, కుట్టు చూసి నేత చూడండి. "ఇది నేసినది ఎవరు?" అని ఒక్కమాట అడగండి. నలుగురు అడిగితే ఆ పేరు కూడా కాగితం మీదికి వస్తుంది.

కళాశాల దరఖాస్తు మా చేతనే నింపించింది పిల్ల. అందులో, ఈ చదువు ఎందుకు ఎంచుకొన్నారు అని ఒక గడి ఉన్నది. "మామా, తాత ఏం పని చేసేవాడు? అమ్మ ఎప్పుడడిగినా మాట మార్చేస్తుంది" అన్నది. అక్క కూడా మా కోసమే దాచినదన్నమాట. కలం మూత తీసి, "మా తాత ధర్మవరం నేతగాడు" అని మా దస్తూరీతోనే వ్రాశాము. ముప్పై యేండ్ల క్రితం తప్పు వ్రాసిన పద్దును ఆ రోజున సరిచేసుకొన్నాము.