పాత ప్లేట్లకు మళ్లీ గొంతు వచ్చేనా?

గ్రామఫోను రికార్డుల పునర్ముద్రణకు అభిమానుల ఎదురుచూపు

పామర్రు: పామర్రు సెంటరులో నిలబడి ఏ రోడ్డు పట్టినా పాటకో, పద్యానికో, ఆటకో పేరుపడ్డ ఊరు తగులుతుంది. బందరు దిక్కున ఎన్.టి.రామారావు పుట్టిన నిమ్మకూరు. చల్లపల్లి రోడ్డులో భాగవతుల కూచిపూడి, దాని పక్కనే క్షేత్రయ్య పదాల మొవ్వ. గుడివాడ దిక్కున ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టిన చౌటపల్లి, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం. ఇంతమంది గొంతులకు పుట్టిల్లయిన ఈ ప్రాంతంలో ఆ గొంతులను మోసిన గ్రామఫోను ప్లేట్లు మాత్రం నానాటికీ కరువైపోతున్నాయి. వాటిని మళ్లీ అచ్చువేసి జనానికి అందించాలన్నది పాత పాట, పాత పద్యం ఇష్టపడేవారి చిరకాల కోరిక. ఆ కోరిక తీరే దారి ఉన్నదా, ఉంటే అది ఎవరి చేతిలో ఉన్నది అన్నదే ఇప్పటి ప్రశ్న.

ప్లేటుకు మూడు నిమిషాలు

పది అంగుళాల ప్లేటు, నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట. లక్కతో చేసిన ఆ నల్ల ప్లేటు చేయిజారితే రెండు ముక్కలు. ఒక వైపు అయ్యేసరికి ముల్లు అరిగిపోయేది, మార్చుకోవలసి వచ్చేది. అయినా దాని మీద మోజు ఇంతా అంతా కాదు. కొలంబియా, ఓడియన్, కుక్కబొమ్మ హెచ్.ఎం.వి. కంపెనీలు రంగస్థల నటులను మద్రాసు పిలిపించి పద్యాలు పాడించాయి. స్టేజి మీద ఒన్స్‌మోర్లు కొట్టించుకుని పది నిమిషాలు రాగం తీసే నటుడు ప్లేటు మీదికి వచ్చేసరికి మూడు నిమిషాల్లో ముగించవలసి వచ్చేది. ఆ కొలతకు లొంగి కూడా కల్యాణం రఘురామయ్య, బందా కనకలింగేశ్వరరావు వంటివారు ఇంటింటికీ వినిపించారంటే వారి ప్రజ్ఞ అటువంటిది.

పల్లెల్లో ప్లేటు అందరి ఇళ్లలో ఉండేది కాదు. కరణంగారింట్లోనో మోతుబరి ఇంట్లోనో గ్రామఫోను ఉంటే వీధి అరుగులన్నీ నిండేవి. తరువాత మైకుసెట్ల కాలం వచ్చింది. పెళ్లి పందిరి, శ్రీరామనవమి పందిరి, స్వామివారి కల్యాణోత్సవం, ఏదైనా సరే తాటిచెట్టుకు కట్టిన బాకాలోంచి మొదట వినిపించేది ఘంటసాల గొంతే. టూరింగు టాకీసుల్లో 'నమో వేంకటేశా' పాట వేశారంటే ఆట మొదలు కాబోతున్నదని లెక్క. ఆ పాట చెవిని పడగానే అన్నం సగంలో వదిలి పరుగెత్తినవారు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

నటరత్న సొంత మండలంలో మాటల రికార్డులకూ అంతటి గిరాకీ ఉండేది. 1977లో విడుదలైన 'దానవీరశూర కర్ణ' సంభాషణల ప్లేటు మైకులో వేస్తే కొండవీటి వెంకటకవి రాసిన మాటలను పశువుల కాపరులు కూడా తప్పులేకుండా అప్పజెప్పేవారు. చదువు రాని నోటికి గ్రాంథికం పట్టుబడిందంటే ఆ ఘనత ప్లేటుదే.

ఏవి దొరుకుతున్నాయి? ఏవి లేవు?

పాతవన్నీ పోయాయనడం సరికాదు. ఘంటసాల పాడిన భగవద్గీత 1974లో ఆయన కన్నుమూసిన తరువాత విడుదలై, ఎల్.పి. రికార్డు నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి సి.డి.కి, అక్కడి నుంచి సెల్‌ఫోనుకు మారుతూ వచ్చింది. కరుణశ్రీ పద్యాలు 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' కూడా అంతే. హెచ్.ఎం.వి. పేరు మానుకుని సరిగమగా మారిన కంపెనీ 2017లో కారవాన్ అనే పాటల పెట్టెను తెచ్చింది. తరువాత తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. అమ్ముడుపోతుందని తెలిసిన పాటకు కంపెనీలు ఎన్నడూ అన్యాయం చేయలేదు.

కరువల్లా అమ్ముడుపోతుందో లేదో తెలియని సరుకుకే. 1970 ప్రాంతంలో 78 చుట్ల ప్లేట్ల తయారీ నిలిచిపోయింది. దానితో రంగస్థల పద్యాలు, నాటకాల సెట్లు, హరికథలు, ప్రైవేటు గీతాలు చాలావరకు వెనుకబడిపోయాయి. ఉన్న కొద్దిపాటివి యూట్యూబులో వినిపిస్తాయి. కాని వాటిలో పెక్కు, ప్లేటు నుంచి క్యాసెట్టుకు, ఆ క్యాసెట్టు నుంచి మరో క్యాసెట్టుకు ఎక్కించుకుంటూ వచ్చినవి. ఒక్కొక్క నకలుకూ గొంతు ఒక్కొక్క మెట్టు దిగిపోతుంది. హార్మోనియం శ్రుతి ఒక చోట, పద్యం ఒక చోట వినిపించడానికి కారణం నటుడు కాదు, చుట్టు తప్పిన యంత్రం.

నాలుగు మూలల రికార్డుల కథ

ఇలా ఎదురుచూసేవారు మన ప్రాంతంలోనే కాదు, విదేశాల్లోనూ ఉన్నారు. వారి కథ తెలుసుకోదగ్గది. 1970 దశకం మొదట్లో అమెరికా, జపాన్ కంపెనీలు క్వాడ్రఫోనిక్ అనే కొత్త రకం రికార్డులు తెచ్చాయి. వినేవారికి ముందు రెండు స్పీకర్లు, వెనుక రెండు. మన పందిళ్లకు నాలుగు మూలలా బాకాలు కట్టినా నాలుగింటిలోనూ వచ్చేది ఒకే పాట. అక్కడ అలా కాదు. ఒక మూల నుంచి వాద్యం, మరో మూల నుంచి గొంతు, వెనుక నుంచి ఇంకొకటి. కచేరీ నడిమధ్యన కూర్చున్నట్లుండేది.

అయితే కంపెనీల మధ్య ఒప్పందం కుదరలేదు. సి.బి.ఎస్. వారిది ఎస్.క్యూ. పద్ధతి, సాన్సుయి వారిది క్యూ.ఎస్., జె.వి.సి. వారిది సి.డి.4. ఒకరి రికార్డు మరొకరి పెట్టెలో సరిగా పలకదు. ఏది కొనాలో తెలియక జనం ఏదీ కొనలేదు. దశాబ్దం ముగిసేసరికి ఆ వ్యాపారం మూతపడింది. అంత ఖరీదైన సరంజామా మన పల్లెల దరికి రాలేదు.

కాని ఆ రికార్డుల మీద మోజు చావలేదు. నలభై, యాభై ఏళ్లపాటు అభిమానులు జాబితాలు రాసుకున్నారు, కంపెనీలకు ఉత్తరాలు రాశారు, వచ్చిన ప్రతి పునర్ముద్రణనూ డబ్బిచ్చి కొన్నారు. పింక్ ఫ్లాయిడ్ బృందం వారి 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' నాలుగు మూలల కూర్పు 2011లో పెద్ద పెట్టెలో భాగంగా మళ్లీ వచ్చింది. ఇంగ్లండులో డటన్ వొకాలియన్ కంపెనీ, అమెరికాలో రైనో కంపెనీ అటువంటి పాత రికార్డులను కొత్త డిస్కుల మీద తెస్తున్నాయి. 1973లో ఆ పింక్ ఫ్లాయిడ్ రికార్డును అమెరికాలో అమ్మించిన కాపిటల్ కంపెనీ అధిపతి భాస్కర్ మీనన్, అంతకుముందు మన దేశపు గ్రామఫోన్ కంపెనీకి పెద్దగా పనిచేసిన భారతీయుడు కావడం విశేషం.

వారి కోరిక తీరడానికి కారణాలు రెండు. స్టూడియోల్లో అసలు టేపులు భద్రంగా ఉండడం మొదటిది. కొనేవారు ఎందరున్నారో లెక్క తెలియడం రెండవది.

తండ్రి, తల్లి, అచ్చు

మన పాత ప్లేట్లకు ఆ మొదటి సదుపాయం లేదు. టేపు వాడుకలోకి రాకముందు పాటను మైనపు పలక మీద గాడిగా గీసేవారు. దాని మీద లోహం పూత ఎక్కించి తీసిన పలకను తండ్రి అనేవారు. దాని నుంచి తల్లి, తల్లి నుంచి అచ్చు. ఆ అచ్చుతో లక్క ముద్దను నొక్కితే ప్లేటు తయారు. కలకత్తా దగ్గర డండం ఫ్యాక్టరీలో దశాబ్దాలపాటు దేశంలోని అన్ని భాషల ప్లేట్లూ ఈ విధంగానే తయారయ్యాయి.

ఆ లోహపు పలక పోయిన చోట ఇక మూలం అంటూ మిగిలేది జనం ఇళ్లలోని ప్లేటే. అటక మీద, బియ్యం బస్తాల వెనుక, తుప్పుపట్టిన ట్రంకు పెట్టెలో ఉన్న ఆ ఒక్క ప్లేటే తండ్రి, తల్లి, అచ్చు అన్నీను. దాన్ని పాత సామానుకు వేస్తే ఆ పద్యం ఇక లేనట్లే.

ఈ ప్రాంతంలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. డెల్టా నేల చెమ్మ, చెదలు, వరదలు ఉండనే ఉన్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేల మనుషులను పొట్టన పెట్టుకున్నది. మనుషులే కొట్టుకుపోయిన చోట వస్తువుల లెక్క చూసే నాథుడెవరు? ఆ తరువాత క్యాసెట్లు వచ్చి, మైకుసెట్ల షాపుల వారు అడ్డుగా ఉన్నాయని ప్లేట్లను వదిలించుకున్నారు. ఇవన్నీ దాటి నేటికి మిగిలిన ప్లేటు ఎంత అపురూపమో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం తలుపు తీసింది

అభిమానులలో చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. మన కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు మీద కంపెనీ హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు మాత్రమే. 1963లో వచ్చిన రికార్డుకు ఆ గడువు 2023 డిసెంబరు 31తో తీరిపోయింది. అంతకుముందు వచ్చిన వాటికీ అంతే. అంటే 78 చుట్ల ప్లేట్లలో అధిక భాగం మీద ఇప్పుడు ఏ కంపెనీకీ రికార్డు హక్కు లేదు.

ఐతే పద్యం రాసిన కవి హక్కు వేరు. అది కవి కాలం చేసిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు. కనుక రాయబారం పద్యాలకు ఆ అడ్డంకి 2010తోనే తొలగింది. 'హరిశ్చంద్ర' నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు. అదీ స్వేచ్ఛే. కాటిసీనులో నటులు కలిపి పాడే జాషువా పద్యాలకు మాత్రం 2031 చివరి దాకా, కరుణశ్రీ పద్యాలకు 2052 చివరి దాకా హక్కుదారుల అనుమతి కావాలి. 1974 నాటి భగవద్గీత రికార్డు మీద కంపెనీ హక్కు 2034 చివరి దాకా ఉన్నది.

కనుక రాయబారం పద్యాల పాత ప్లేటును శుభ్రంగా రికార్డు చేసి పదిమందికి పంచడానికి కంపెనీవారి దయ కోసం ఎదురుచూడవలసిన పని లేదు. చెళ్లపిళ్ల వారు పాఠం చెప్పిన బందరులోనే, ఆయన పద్యం పలికిన ప్లేట్లను వెతికి బతికించుకోవచ్చు. లేనిది హక్కు కాదు, ప్లేటు.

ప్లేటు ఉన్నవారు చేయవలసినది

ఇళ్లలో పాత ప్లేట్లు ఉన్నవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవరాదు. వడ్రంగులు లక్కను స్పిరిటులోనే కరిగించి బల్లలకు పాలిషు పెడతారన్నది తెలిసిందే. స్పిరిటు తగిలితే గాడి కరిగిపోతుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల మాదిరి నిలబెట్టాలి. ఎండకు, చెమ్మకు దూరంగా ఉంచాలి. ఎల్.పి. రికార్డు ముల్లుతో 78 ప్లేటు వేయరాదు. ఈ ప్లేటు గాడి వెడల్పు, దానికి తగిన ముల్లు వేరే ఉంటుంది. పాత గ్రామఫోను ఇనుప ముల్లు గాడిని తినేస్తుంది కనుక వేడుకకని పదేపదే వేయడం కూడా మంచిది కాదు.

అన్నిటికంటె ముఖ్యం జాబితా. ప్రతి ప్లేటు నడిమి కాగితం మీద కంపెనీ పేరు, నంబరు, పాడినవారి పేరు ఉంటాయి. వాటిని ఒక నోటు పుస్తకంలో ఎక్కిస్తే ఎవరి వద్ద ఏది ఉన్నదో, ఏది ఒక్కటే మిగిలిందో బయటపడుతుంది. విదేశాల అభిమానులు మొదట చేసిన పని అదే.

సంస్థలు ముందుకు రావాలి

జాబితా జనం చేయగలరు. మంచి యంత్రం మీద, సరైన చుట్టుతో, సరైన శ్రుతికి రికార్డు చేయడం మాత్రం సంస్థలు పూనుకోవలసిన పని. 1948 నుంచి ఈ జిల్లాల గొంతులను భద్రపరుస్తూ వచ్చిన విజయవాడ ఆకాశవాణి, ఘంటసాల పేరున్న విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాల, కూచిపూడి కళాపీఠం, బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయం కలిసి పామర్రులోనో గుడివాడలోనో ఏటా రెండు రోజులు శిబిరం పెట్టి, ప్లేట్లు తెచ్చినవారి కళ్లెదుటే రికార్డు చేసి, ప్లేటును వారికే తిరిగి ఇచ్చివేస్తే ఇవ్వడానికి ఎవరూ వెనుకాడరు. ఘంటసాల జయంతి డిసెంబరు 4, ఎన్.టి.రామారావు జయంతి మే 28. విగ్రహాలకు దండలు వేసే ఆ రెండు రోజులూ ఇందుకు అనువైనవే.

కంపెనీలకూ ఇది నష్టపు బేరం కాబోదు. మన దేశంలో రికార్డుల అచ్చు మళ్లీ మొదలైంది, ఎల్.పి.లు మళ్లీ అంగళ్లకు వస్తున్నాయి. తమ హక్కు మిగిలి ఉన్న రికార్డులను వారు తిరిగి వేయాలని, హక్కు తీరిన వాటిని సంస్థలు చేపట్టాలని, ఈలోగా అటక మీది ప్లేటును ఎవరూ పాత సామానుకు వేయవద్దని ఈ ప్రాంత సంగీత, నాటక అభిమానులు కోరుతున్నారు.