చదవేస్తే ఉన్న మతి పోతుందా?

డిసెంబరు 22 శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు. దేశమంతా జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటాం. ఈ సందర్భంగా తల్లిదండ్రులతో ఒక మాట.

లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునే అబ్బాయి అంగడికెళ్ళి చిల్లర సరిచూసుకోకుండా వచ్చేస్తాడు. "చదవేస్తే ఉన్న మతి పోయింది" అంటాం. అంగట్లో కూర్చుని టకటకా లెక్క చెప్పే అమ్మాయి పరీక్ష తప్పుతుంది. "దీనికి లెక్కలు రావు" అంటాం. రెండు మాటలూ సరికావు.

రామానుజన్‌నే చూడండి. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరారు. 1914లో కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడ చలికి తట్టుకోలేక కోటు వేసుకునే పడుకునేవారట. మిత్రుడు మహలనోబిస్ వెళ్ళి చూస్తే మంచం మీద కంబళ్ళు ఉన్నాయి! కాకపోతే వాటి అంచులు పరుపు కిందికి మడిచి ఉన్నాయి. వాటిని పైకి లాగి లోపల దూరి పడుకోవాలని రామానుజన్‌కు తెలియదు. అది తెలివి తక్కువై కాదు. అలాంటి పడక ఆయనకు అలవాటు లేదు, ఎవరూ చూపించలేదు, అంతే. లోకజ్ఞానం కూడా ఒకరు చూపిస్తేనే వస్తుంది.

ఇక రెండోవైపు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద జరిగిన పరిశోధన 1985లో వెలువడింది. కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అని ఒక పిల్లవాణ్ణి అడిగారు. వాడు 35 పక్కన సున్నా చేర్చలేదు. మూడు కాయలు 105, ఆరు 210, తొమ్మిది 315, ఇంకొకటి కలిపితే 350 అని నోటితోనే తేల్చాడు. అలాంటి లెక్కలే కాగితం మీద ఇస్తే ఆ పిల్లలు చాలా తప్పులు చేశారు.

మన దేశంలోనూ అంతే. ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2025లో వచ్చింది. ఆ పిల్లలు బేరంలో చురుకు, బడి లెక్కల్లో తడబాటు. బడిపిల్లలేమో పుస్తకం లెక్కల్లో మెరుగు, అంగడి లెక్కల్లో వెనకబాటు.

అంటే, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటది నడిచిరాదు. చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

అది ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. టమాటా కిలో 45 రూపాయలు, 800 గ్రాములు కొన్నాం. వంద నోటిస్తే తిరిగి ఎంత రావాలి? 200 గ్రాములు 9 రూపాయలు, 45లో 9 పోతే 36, కాబట్టి 64 రావాలి. నోటితో చెప్పే పిల్లచేత అదే లెక్కను నోటుబుక్కులో రాయించండి. రాసి చేసే పిల్లవాడి చేతికి సంచీ, డబ్బూ ఇచ్చి అంగడికి పంపండి.

జవాబు తప్పినా కోప్పడవద్దు. "ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడగండి. ఎక్కడ పొరపాటు పడ్డారో చాలాసార్లు పిల్లలే పట్టుకుంటారు.