స్వల్పవ్యయముతో పోలండు యాత్ర

పూర్వము మన పెద్దలు కాశీయాత్రకు బయలుదేరునప్పుడు అటుకుల మూట, మార్గవ్యయమునకు తగిన పైకము, దారిలో దిగవలసిన సత్రముల పేరులు ముందుగానే సిద్ధపరచుకొనుచుండిరి. దారిలో ఎవరికిని భారము కారాదను నియమమే ఆ జాగ్రత్తకు మూలము. నేడు మన పల్లెలలోని బిడ్డలు కొందరు ఐరోపాఖండమున పోలండు దేశమున చదువుకొనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. "ఒక్కమారు వచ్చి చూచిపొండు" అని వారు పిలిచినప్పుడు తల్లిదండ్రుల మనస్సు రెండు విధముల లాగును. బిడ్డ ఉన్న చోటు కన్నులార చూడవలెనను కోరిక యొకటి. వాని కొలదిపాటి సంపాదన మన రాకతో కరగిపోవునేమోయను సంకోచము మఱియొకటి. ఈ రెండవదానిని తీర్చు ఉపాయమే నేటి ప్రసంగ విషయము.

పోలండు దేశము జర్మనీకి తూర్పున, ఉక్రెయినుకు పడమట ఉన్నది. విస్తులా నది యొడ్డున నున్న వార్సా దాని రాజధాని. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినను, ఆ దేశము తన నాణెమైన జ్లోతీనే వాడుచున్నది. నూరు గ్రోషులు ఒక జ్లోతీ. ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండులతో పోల్చినచో అచట భోజనమునకును, బసకును, ప్రయాణమునకును అగు వ్యయము తక్కువ.

పొదుపు చేయదగిన చోట్లు చెప్పుటకు ముందు, చేయరాని చోట్లు చెప్పవలెను. మొదటిది వీసా. దీనికి షెంగెన్ వీసా యని పేరు. దీనితో 180 దినములలో 90 దినములకు మించి ఉండరాదు. దీని రుసుము 2024 జూను నుండి 90 యూరోలు. పాసుపోర్టు గడువు మీరు తిరిగివచ్చు దినము తరువాత కనీసము మూడు మాసములు ఉండవలెను. రెండవది వైద్యపు భీమా. 30,000 యూరోలకు తక్కువ కాని భీమా లేనిదే వీసా ఇయ్యరు. కొందరు రుసుము తగ్గునని మధుమేహమును, రక్తపుపోటును దాచిపెట్టుదురు. ఇది తగదు. ఆ వ్యాధి పరదేశమున తిరుగబెట్టినప్పుడు భీమావారు చెల్లింపక పోవచ్చును. ఆసుపత్రి వ్యయమంతయు బిడ్డ నెత్తిన పడును. నూఱు రూపాయలు మిగుల్చుకొనబోయి వేలకొలది అప్పు తెచ్చుట పొదుపు కాదు.

ఇంటినుండి తీసికొనిపోవు పదార్థముల విషయమునను హెచ్చరిక అవసరము. మాంసమును, పాలతో చేసిన పదార్థములను సమాఖ్య దేశములలోనికి రానీయరు. కావున నెయ్యి, పాలకోవా, మాంసపు పచ్చళ్లు సుంకపు అధికారుల పాలగును. కందిపొడి, కారప్పొడి తీసికొనిపోవచ్చును. మందులను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.

ఇక ధనము మార్చుకొను పద్ధతి. విమానాశ్రయమున మార్చినచో నష్టము హెచ్చు. పట్టణములో "కాంతోర్" అను పేరుగల అంగళ్లు కలవు. అచట కొనుధర, అమ్ముధర రెండును పలకపై వ్రాసియుండును. రెండింటి నడిమి తేడా తక్కువగానున్న అంగడియే మేలైనది. కార్డుతో యంత్రమునుండి పైకము తీయునప్పుడు "మీ దేశపు నాణెములో లెక్కకట్టవలెనా?" యని యంత్రము అడుగును. రూపాయలనిన వెంటనే మనకు ధైర్యము కలుగును గాని, సాధారణముగా ఆ లెక్కలోనే నష్టము దాగియుండును. జ్లోతీలనే కోరవలెను.

పట్టణములలో ట్రాములు, బస్సులు సమృద్ధిగా తిరుగును. మన బస్సులలోవలె కండక్టరు వచ్చి టిక్కెట్టు ఇచ్చునని కూర్చుండరాదు. కాగితపు టిక్కెట్టును ముందుగా కొని, బండి యెక్కిన వెంటనే లోపలనున్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేని టిక్కెట్టు చేతనున్నను లేనట్లే లెక్క. తనిఖీదారుడు వచ్చినచో తెలియదన్న మాట చెల్లదు. అపరాధరుసుము టిక్కెట్టు ధరకు ఎన్నో రెట్లుండును. దూరప్రయాణమునకు రైలు మేలు. వార్సానుండి క్రాకో నగరమునకు వేగపు బండి రెండున్నర గంటలలో చేరును. ముందుగా కొన్న టిక్కెట్టు చవుక. ఇంటర్‌సిటీ బండ్లలో అరువదియేండ్లు నిండినవారికి నూటికి ముప్పది వంతులు తగ్గింపు కలదు. వయస్సునకు రుజువుగా పాసుపోర్టు చూపవలెను. అడిగి పుచ్చుకొనుటలో చిన్నతనము లేదు.

భోజనమునకు "బార్ మ్లెచ్నీ" అను పూటకూళ్లయిండ్లు వెదకవలెను. ఆ పేరునకు పాలశాల యని అర్థము. మొదటిది 1896లో వార్సాలో వెలసెను; పాలు, గ్రుడ్లు, పిండితో చేసిన పదార్థములు పేదలకు చవుకగా పెట్టుట దాని ఉద్దేశము. నేటికిని ప్రభుత్వము వీనికి సాయము చేయుచున్నది. బంగాళాదుంపయు జున్నును కూరిన "పియెరోగి" యను కుడుములు, పలుచని అట్లవంటి "నలెష్నికి", పండ్లు ఉడికించిన "కొంపోత్" అను పానీయము మనవారికి సరిపడును. శాకాహారులు "బెజ్ మ్యెంసా", అనగా మాంసము లేకుండ, అని చెప్పవలెను. కుడుములపై వేయించిన పందికొవ్వు తునకలు చల్లు వాడుక యున్నది. ఆదివారములలో చాలవరకు పెద్ద అంగళ్లు మూసియుండును. శనివారమే సరకులు కొనుట మంచిది. కొళాయినీరు త్రాగదగినదే. మరుగుదొడ్డి తలుపుపై వలయము స్త్రీలకును, త్రికోణము పురుషులకును గుర్తు.

చూడదగిన స్థలములకు మిక్కిలి వ్యయము చేయనక్కరలేదు. ప్రభుత్వ ప్రదర్శనశాలలలోని శాశ్వతప్రదర్శనలను వారమునకొక దినము ఉచితముగా చూడనిత్తురు. ఆ దినమేదో ముందే కనుగొనవలెను. 1944లో జర్మనులు నేలమట్టము చేసిన వార్సా పాతనగరమును, పూర్వచిత్రముల సాయమున ప్రజలు మరల ఎప్పటివలె కట్టుకొనిరి. దానిలో నడచుటకు రుసుము లేదు. క్రాకో దాపున నున్న వియెలిచ్కా ఉప్పుగని అద్భుతమైనదే. కాని ప్రవేశరుసుము హెచ్చు, మొదటనే 380 మెట్లు దిగవలెను. మోకాళ్లనొప్పి గలవారు మానుకొనుట మేలు. పదునొకండు లక్షలమంది హతులైన ఆష్విట్జ్ నిర్బంధశిబిరమునకు ప్రవేశము ఉచితము. ముందుగా పేరు నమోదు చేసికొనవలెను. కాలము విషయమున మేనెలగాని, సెప్టెంబరుగాని అనుకూలము. శీతకాలమున వచ్చినచో ఉన్నివస్త్రముల వ్యయము అదనము.

తుదకొక మాట. వార్సాలో మంచి మహారాజు పేర ఒక చిన్న తోట కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున తలిదండ్రులకు దూరమైన పోలండు బాలలను వందలకొలది 1942 మొదలు తన రాజ్యములోని బాలాచడి గ్రామమున చేర్చుకొని పోషించిన నవానగరపు జాంసాహేబు దిగ్విజయసింహుని స్మృతికై అది యేర్పడినది. ఆ తోటలో బల్లపై కూర్చుండుటకు కాసు వ్యయము లేదు. పరదేశపు బిడ్డలకు నాడు మనదేశమున నీడ దొరకినది. నేడు మన బిడ్డలకు వారి దేశమున నీడ దొరకుచున్నది. బిడ్డను వెంటబెట్టుకొని అచటికి పోయి ఈ కథ చెప్పినచో, అతిథి ఎవరికిని భారము కాడను మాట మీ ఇరువురికిని బోధపడును. లెక్క తప్పక వ్యయము చేసి, ఆరోగ్యముతో తిరిగివచ్చుటయే మీరు వానికి ఇయ్యదగిన కానుక.