రంగుల కన్నా ముందు కాగితం, నీళ్లు

బొమ్మలు వేయడం పుట్టుకతో రావాలనుకుని చాలామంది కుంచె జోలికే పోరు. ధైర్యం చేసి నీటిరంగులు కొన్నవాళ్లు కూడా నాలుగు బొమ్మలు పాడవగానే ‘మన వల్ల కాదులే’ అని పెట్టె అటక మీద పెట్టేస్తారు. నిజానికి అక్కడ తప్పు చేతిది కాదు. కాగితం సంగతి, నీళ్ల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మెత్తగా నూరిన రంగుపొడిని తుమ్మజాతి చెట్ల బంకతో కలిపితే నీటిరంగు. నీళ్లు ఆరాక కాగితం మీద పల్చటి పొర మిగులుతుంది. వెలుతురు ఆ పొరను దాటి, అడుగున ఉన్న తెల్లకాగితానికి తగిలి మన కంటికి తిరిగొస్తుంది. ఆ మెరుపంతా కాగితానిదే. అందుకే తెల్లగా కనిపించాల్సిన చోటును వదిలేసి, ముందు లేత రంగులు, తర్వాత ముదురువి వేస్తారు. పోస్టర్ రంగుల్లోలా ముదురు మీద లేతది వేసి కప్పేద్దామంటే ఇక్కడ కుదరదు.

బడిపిల్లల డ్రాయింగ్ పుస్తకంలోని కాగితం తడి తగలగానే ఉబ్బుతుంది. రంగు పల్లాల్లోకి జారి మడుగు కడుతుంది. నీటిరంగులకు 300 జీఎస్‌ఎం కాగితం కావాలి, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్నది. ధర ఎక్కువే. ఒక్కో షీటును నాలుగు ముక్కలు చేసుకుని, సాధనకు రెండు వైపులా వాడుకుంటే సరిపోతుంది. 24 రంగుల పెట్టెకు పెట్టే డబ్బు కాగితానికి పెట్టండి. కుంచెలు గుండ్రటివి రెండు చాలు, ఒకటి సన్నది, ఒకటి లావుది.

మొదట ఒకే రంగుతో సాధన చేయాలి. ముదురు నీలమో, గోధుమ రంగో తీసుకుని వరుసగా గళ్లు నింపండి. మొదటి గడికి రంగు మజ్జిగ తేటలా ఉండాలి, నడిమి గడికి చిక్కటి మజ్జిగలా, చివరి గడికి పెరుగులా. తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి కాస్త ముదురుగానే కలపాలి. ఇది పట్టుబడ్డాక కిటికీ పక్కన ఒక కప్పు పెట్టి, కళ్లు చికిలించి చూడండి. వివరాలు మాయమై వెలుగు, నడిమి ఛాయ, నీడ మిగులుతాయి. ఆ మూడింటినీ వేస్తే కప్పు గుండ్రంగా నిలబడుతుంది.

తర్వాత పసుపు, ఎరుపు, నీలం. ఈ మూడూ ఒకేచోట కలిస్తే రంగు బురదవుతుంది. నారింజ వైపు మొగ్గిన ఎరుపులో పసుపు దాగి ఉంటుంది కనుక, దానికి నీలం కలిపితే ఊదా మాసిపోతుంది. క్రిమ్సన్ ఎరుపుతో అల్ట్రామెరీన్ నీలం కలిపితే శుభ్రమైన ఊదా వస్తుంది. అదే అల్ట్రామెరీన్‌కు బర్న్ట్ సియెనా గోధుమ రంగు కలిపితే మబ్బులకు, చెట్ల మొదళ్లకు పనికొచ్చే బూడిద రంగులు దొరుకుతాయి.

కొత్తవాళ్ల బొమ్మల్ని ఎక్కువగా చెడగొట్టేది తొందర. సగం ఆరిన చోట మళ్లీ కుంచె తగిలితే, కొత్త నీళ్లు పాత రంగును పక్కకు నెట్టి గోబీపువ్వు అంచుల్లాంటి మరక చేస్తాయి. తడి మెరుస్తున్నప్పుడే వేయాలి, లేదా పూర్తిగా ఆరేదాకా ఆగాలి. చెయ్యి వెనుక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే.

వయసు దాటిపోయిందన్న బెంగ అక్కర్లేదు. రవీంద్రనాథ్ టాగోర్ చిత్రలేఖనంలో గట్టిగా దిగింది అరవై దాటాకే. 1930లో ప్యారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగేనాటికి వయసు డెబ్బైకి దగ్గర పడింది. రాజమండ్రి వెళ్తే 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాల తప్పక చూడండి. రంగు ఎక్కడ పల్చబడిందో, ఎక్కడ చిక్కబడిందో దగ్గరగా నిలబడి గమనించడం కూడా పాఠమే.

మొదటి బొమ్మలు పారేయకండి. వెనుక తేదీ రాసి దాచుకోండి, అదే కప్పును మళ్లీ మళ్లీ వేయండి. నేర్చుకున్నదెంతో ఆ తేదీలే చెబుతాయి.