సాలార్‌జంగు సేకరించిన జపాను పాత్రలు

నిర్మల్ బొమ్మలు నిర్మల్‌లో తయారగును. కరీంనగరు వెండి తీగపనికిని ఆ ఊరిపేరే కలదు. కాని జపానువారి ఇమారి పింగాణిపాత్రలు ఇమారిలో తయారైనవి కావు. ఇమారి ఒక రేవుపట్టణము. పాత్రలు చేసినది సమీపమునగల అరిటాలో. ఓడకెక్కినచోటి పేరే వానికి నిలిచినది.

1592 మొదలు 1598 వరకు జపాను సేనలు కొరియాపై దండెత్తి, అనేకులగు కుమ్మరులను పట్టి తెచ్చినవి. అరిటాలోను, సత్సుమాలోను ఈ విద్యకు పాదువేసినవారు వారే. వారిలో చాలమంది పేర్లు నేడు ఎవరికిని తెలియవు.

ఇమారి పాత్రపై మొదట నీలిరంగుతో చిత్రము వ్రాసి, గాజువంటి మెరుగు పూసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చుదురు. ఎరుపు, బంగారు వన్నెలు అంతవేడికి తాళవు. కావున వానిని కాలినపాత్రపై వ్రాసి, తక్కువవేడిలో మరల కాల్చుదురు. ఇందుచే చిరకాలపు రాపిడికి బంగారము అరిగినను, మెరుగు క్రింది నీలిరంగు చెక్కుచెదరదు. పాతపాత్రలు సేకరించువారు ఈ గురుతును పరికింతురు.

సత్సుమా పాత్రలు మీగడవన్నెవి. పైమెరుగులో సాలెగూటివలె సన్నని పగుళ్లుండును. ఇవి లోపములు కావు, అందములే. 1867లో పారిస్ ప్రదర్శనమున వీనికి గొప్పపేరు వచ్చెను. ఐరోపాలో గిరాకి పెరుగగా, క్యోటో మున్నగు నగరములలోను ఇట్టివి తయారైనవి. కనుక సత్సుమా యను పేరొక్కటే నమ్మి కొన్నవాడు మోసపోవచ్చును.

హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియములో ఇట్టి జపాను పాత్రలు కలవు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజామునకు దివానయ్యెను. కొలది కాలమునకే ఆ పదవిని విడిచి, తన సంపదను కళావస్తువుల సేకరణకు వెచ్చించెను. ఆయన అవివాహితుడు. 1949లో మరణించునప్పటికి సంతానము లేదు. అంతటి సేకరణ బంధువుల నడుమ ముక్కలై చెదరిపోవలసినదే! కాని 1951లో ఆయన భవనముననే దానిని ప్రజలకొరకు తెరచిరి. 1958లో వారసులు రాజీపడి, మొత్తమును ప్రభుత్వమునకిచ్చిరి. 1968లో ఆ వస్తువులు మూసీ ఒడ్డున కట్టిన నేటి భవనమునకు చేరినవి. ఆదిలాబాదు నుండి పోయిన విద్యార్థి సయితము అచ్చట గాజుబీరువా ముందు నిలిచి, బంగారము ఎచ్చట అరిగినదో, నీలము ఎట్లు నిలిచినదో చూడవచ్చును.