వాడుకరి సంకేతము (ప్రింటర్లు)

వాడుకరి సంకేతము అనగా ఒక కార్యాలయములో పలువురు కలిసి వాడుకొనే ప్రింటరు లేక జెరాక్సు యంత్రములో ఎవరు ఎన్ని ప్రతులు తీశారో తెలియడానికి ఒక్కొక్కరికి గాని, ఒక్కొక్క విభాగానికి గాని కేటాయించే సంఖ్య. కంపెనీని బట్టి దీని పేరు మారుతుంది. రికో యంత్రాలలో యూజర్ కోడ్ అని, కెనాన్ యంత్రాలలో డిపార్ట్‌మెంట్ ఐడి అని, క్యోసెరా యంత్రాలలో అకౌంట్ ఐడి అని కనిపిస్తుంది. పేరు ఏదైనా ఇది ప్రధానముగా ఖాతా సంఖ్యయే గాని తాళంచెవి కాదు. ఈ తేడాను గమనించకపోవడము వలననే ఒకరు తీసిన ప్రతులకు మరొకరు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

చరిత్ర

1959లో హాలాయిడ్ జెరాక్స్ కంపెనీ అమెరికాలో జెరాక్స్ 914 అనే యంత్రాన్ని ప్రవేశపెట్టింది. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు గల కాగితము వరకు ప్రతి తీయగలదు కనుక దానికి ఆ పేరు వచ్చింది. (ఫోటోకాపీని మనము జెరాక్సు అనడము కూడా ఈ కంపెనీ పేరును బట్టియే.) యంత్రపు ధర ఎక్కువ కావడముతో దానిని నెలకు 95 డాలర్ల అద్దెకు ఇచ్చేవారు. అందులో 2,000 ప్రతులు చేరి ఉండేవి. ఆపైన తీసిన ప్రతి కాపీకి కొన్ని సెంట్లు చెల్లించాలి. అందుచేత యంత్రానికి మీటరు తప్పనిసరి అయింది.

మీటరు మొత్తము ఎన్ని ప్రతులో చెబుతుంది గాని అవి ఎవరివో చెప్పదు. విభాగాల వారీగా ఖర్చును పంచడానికి మొదట యంత్రానికి తగిలించే చిన్న లెక్క పెట్టెలు, తరువాత మీటల పలకపై సంఖ్యను నొక్కే పద్ధతి వచ్చాయి. డిజిటల్ యంత్రాలు ప్రింటరు పనిని కూడా చేయసాగిన తరువాత ఈ సంకేతము కంప్యూటర్లలోకి ప్రవేశించింది.

పనిచేసే విధానము

జెరాక్సు తీసేటప్పుడు వాడుకరి యంత్రము ముందు నిలబడి తన సంకేతాన్ని నొక్కుతాడు. కంప్యూటరు నుండి ముద్రించేటప్పుడు పరిస్థితి వేరు. సంకేతాన్ని ప్రింటరు డ్రైవరులో ముందుగానే వ్రాసి ఉంచుతారు. ముద్రించవలసిన పుటలకు ముందు డ్రైవరు ఆ సంఖ్యను కూడా చేర్చి పంపుతుంది. యంత్రము తన జాబితాలో ఆ సంఖ్య ఉన్నదో లేదో చూసి, ఉంటే ముద్రించి, ఆ ఖాతాలో లెక్క వ్రాసుకుంటుంది.

సంకేతము రాకపోతే ఏమవుతుందనేది అమరికను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల యంత్రము ఆ పనిని "ఇతరులు" అనే ఖాతాలో వేసి ముద్రిస్తుంది. మరికొన్నిచోట్ల ఏమీ చెప్పకుండా రద్దు చేస్తుంది. కంప్యూటరు తెరపై ముద్రణ పూర్తయినట్లే కనిపిస్తుంది, కాగితము మాత్రము రాదు. కొత్త కంప్యూటరులో సాధారణ డ్రైవరును అమర్చినప్పుడు, సెల్ ఫోను నుండి ముద్రించినప్పుడు తరచుగా జరిగేది ఇదే. యంత్రములోని పనుల చిట్టాను చూస్తే కారణము తెలుస్తుంది.

డ్రైవరులో సంకేతము నిలిచి ఉండడము వలన మరొక చిక్కు ఉన్నది. ఉపాధ్యాయుల గదిలో అందరికీ కలిపి ఒకే కంప్యూటరు ఉన్నదనుకుందాము. దానిని మొదట అమర్చినవారి సంకేతమే అందులో ఉంటుంది. పదిమంది ముద్రించిన ప్రశ్నపత్రాలు ఆ ఒక్కరి ఖాతాలోనే పడతాయి. సంవత్సరాంతములో లెక్క చూసేవారికి ఆయన దుబారా మనిషిగా కనిపిస్తాడు. ఇటువంటి కంప్యూటర్లలో ముద్రించిన ప్రతిసారి సంకేతాన్ని అడిగేలా డ్రైవరును అమర్చాలి.

సంకేతాల కేటాయింపు

నాలుగు అంకెలతో 10,000 సంకేతాలు సాధ్యము. అందులో 100 వాడుకలో ఉంటే, ఊరికే నొక్కిన సంఖ్య ఎవరో ఒకరిది అయ్యే అవకాశము నూటికి ఒకటి. ఎనిమిది అంకెలైతే అది పది లక్షలకు ఒకటికి తగ్గుతుంది. ఉద్యోగి సంఖ్య, పుట్టిన సంవత్సరము, 1001 మొదలు వరుస సంఖ్యలు ఇవ్వడము సులభమే గాని వాటిని ఊహించడము కూడా అంతే సులభము. సంకేతాన్ని కాగితముపై వ్రాసి యంత్రపు మూతకే అతికించే అలవాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

సున్నాతో మొదలయ్యే సంకేతాలను ఇవ్వకపోవడము మేలు. జాబితాను ఎక్సెల్‌లో తెరచినప్పుడు 0457 కాస్తా 457గా మారిపోతుంది. దానిని అలాగే తిరిగి యంత్రములోకి ఎక్కిస్తే ఆ వాడుకరి పని ఆగిపోతుంది.

ఉద్యోగి బదిలీ అయినప్పుడు లేదా విరమించినప్పుడు ముందు అతని లెక్కను నమోదు చేసుకుని, తరువాత సంకేతాన్ని నిలిపివేయాలి. లెక్కను వ్రాసుకోకుండా తొలగిస్తే పాత సంఖ్యలు కూడా పోతాయి. అదే సంకేతాన్ని వెంటనే కొత్తవారికి ఇస్తే ఇద్దరి లెక్కలు కలిసిపోతాయి. కాబట్టి ఆ సంవత్సరపు ఆడిట్ పూర్తయ్యేవరకు దానిని మరొకరికి ఇవ్వరాదు.

లెక్కలలో తేడాలు

వాడుకరుల మొత్తము యంత్రపు మీటరుతో సరిపోకపోవచ్చు. మరమ్మతు చేసేవారు తీసిన పరీక్ష ప్రతులు, యంత్రము తానే ముద్రించే నివేదికలు, వచ్చిన ఫ్యాక్సులు ఎవరి ఖాతాలోనూ పడకపోవడము ఇందుకు కారణము. కాగితాల లెక్క కూడా సరిపోదు. రెండు వైపులా ముద్రించిన ఒక కాగితము రెండు ప్రతుల కింద లెక్కకు వస్తుంది. చాలా యంత్రాలలో ఏ3 పుటను కూడా రెండుగా లెక్కిస్తారు. ఎవరినైనా ప్రశ్నించే ముందు ఈ తేడాలను తీసివేయడము న్యాయము.

భద్రత

ఎవరి ముద్రణ అన్నది నిజముగా నిరూపించవలసిన చోట సంకేతము చాలదు. అక్కడ పేరు, సంకేతపదము లేదా గుర్తింపు కార్డు అడిగే పద్ధతిని వాడతారు. మెల్‌బోర్న్‌కు చెందిన పేపర్‌కట్ వంటి సాఫ్టువేర్లు లెక్కను యంత్రములో కాక సర్వరులో ఉంచుతాయి. రహస్య పత్రాలకు, ముఖ్యముగా ప్రశ్నపత్రాలకు, వాడుకరి వచ్చి సంఖ్య నొక్కేవరకు ముద్రణను ఆపి ఉంచే సదుపాయము వేరుగా ఉన్నది. వాడుకరి సంకేతము ఆ పని చేయదు.

అద్దె యంత్రాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు సంకేతాల జాబితాతోపాటు లోపలి హార్డ్ డిస్కును కూడా చెరిపివేయాలి. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే సంస్థ ఇలా చేయకుండా జెరాక్సు యంత్రాలను తిరిగి ఇచ్చివేసింది. డిస్కులలో మిగిలిపోయిన వైద్య వివరాల కారణముగా 2013లో ప్రభుత్వానికి 12,15,780 డాలర్లు చెల్లించింది.