జహీరాబాద్ విత్తన బుట్ట: ఉమ్మడి జన్యు సంపద పాలన, ప్రాంతీయ ఆహార భద్రత

హైదరాబాద్ నుండి బీదర్ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటన్నర ప్రయాణ దూరంలో రెండు విత్తన కోశాగారాలు ఉన్నాయి. మొదటిది పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధి. 1972లో స్థాపితమైన ఈ అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, రాగి, ఇతర చిరుధాన్యాలకు చెందిన 1,20,000కు పైగా నమూనాలను 144 దేశాల నుండి సేకరించి భద్రపరచింది. రోజువారీ పంపిణీకి అవసరమైన విత్తనం 4 డిగ్రీల సెల్సియస్ వద్ద, దీర్ఘకాలం దాచవలసినది సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంటుంది. రెండవది జహీరాబాద్ మండలం పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల విత్తన నిధి. అక్కడ శీతల గదులు ఉండవు. వెదురు బుట్టలు, మట్టి కుండలు, బూడిద, ఎండు వేపాకు, పైన పేడమట్టి పూత, ఇవే సాధనాలు. విత్తనం తీసుకున్న మహిళ పంట చేతికి వచ్చాక అందుకు రెట్టింపు తిరిగి చెల్లిస్తుంది. డబ్బు ప్రసక్తి లేదు.

ఈ రెండు కోశాగారాల్లో ఉన్నది ఒకే సంపద. కానీ వాటిని పాలించే నియమాలు వేరు. మొదటిదానిని రోమ్ నగరంలో కుదిరిన ఒప్పందం పాలిస్తుంది. రెండవదానిని ఊరి కట్టుబాటు నడిపిస్తుంది. వీటి నడుమ ఉన్న ఖాళీలోనే దక్కన్ మెట్ట ప్రాంతపు ఆహార భద్రతకు సంబంధించిన కొన్ని కీలక ప్రశ్నలు నిలిచి ఉన్నాయి.

సముద్రగర్భం, అంతరిక్షం, వాతావరణం వంటి ప్రపంచ ఉమ్మడి వనరుల గురించి చర్చ జరిగినంతగా విత్తనం గురించి జరగదు. విత్తనం ఎవరో ఒకరి పొలంలో పండుతుంది కనుక అది ఉమ్మడి వనరుగా మొదటి చూపులో కనిపించదు. అయితే ఏ దేశమూ తన పంటలకు కావలసిన జన్యువులన్నిటినీ తన నేల మీదనే కలిగి లేదు. మన సజ్జ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1965లో విడుదలైన హెచ్‌బీ-1, ఆ తర్వాతి హెచ్‌బీ-3 హైబ్రిడ్‌లు అమెరికాలోని టిఫ్టన్‌లో రూపొందిన టిఫ్ట్ 23ఎ అనే ఒకే పురుష వంధ్య వంశం మీద ఆధారపడ్డాయి. దిగుబడి పెరిగింది. కొద్ది ఏళ్లకే, 1970వ దశకం ఆరంభంలో, వెర్రి కంకి తెగులు దేశమంతటా ఆ పంటను దెబ్బతీసింది. తల్లి వంశం ఒక్కటే అయినప్పుడు తెగులుకు దారి కూడా ఒక్కటే సరిపోతుంది. ఆపై ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పశ్చిమ ఆఫ్రికాలోని ఉత్తర టోగో రైతులు తరతరాలుగా పండించిన ‘ఇనియాది’ అనే లావుగింజ దేశవాళీ సజ్జ నుండి ఐసీటీపీ 8203 అనే రకాన్ని పటాన్‌చెరులో ఎంపిక చేశారు. 1988లో అది మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌ల సాగుకు విడుదలైంది. దానినే మరింత మెరుగుపరచి ఇనుము అధికంగా గల ‘ధనశక్తి’ని 2012లో మహారాష్ట్రలో విడుదల చేశారు. టోగో రైతు దాచిన గింజ దక్కన్ రైతు ఇంటికి ఈ విధంగా చేరింది. ఆ టోగో రైతుకు ప్రతిఫలంగా ఏమి ముట్టిందన్న ప్రశ్న అప్పటి నియమాలలో లేనేలేదు.

ఆ నియమాల పరిణామం గమనించదగినది. 1983లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక అంతర్జాతీయ అంగీకారాన్ని ఆమోదించి, మొక్కల జన్యు వనరులు మానవాళి వారసత్వమని ప్రకటించింది. ఎవరైనా ఎక్కడి నుండైనా తీసుకోవచ్చునన్నది దాని సారం. యాదృచ్ఛికమే అయినా, పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆవిర్భవించినది కూడా 1983లోనే. ఉచితంగా వెళ్లిన దేశవాళీ గింజ మేధో హక్కుల ముద్రతో తిరిగి వస్తున్నదని వర్ధమాన దేశాలు నిరసించాయి. దరిమిలా 1992 నాటి జీవవైవిధ్య ఒడంబడిక జన్యు వనరులపై ఆయా దేశాలకు సార్వభౌమాధికారం ఉందని గుర్తించింది. దానితో మరొక చిక్కు వచ్చింది. ప్రతి నమూనాకూ ప్రతి దేశంతోనూ విడివిడిగా బేరం కుదుర్చుకోవలసి వస్తే ప్రజనన శాస్త్రవేత్తల పని ముందుకు సాగదు. అందువల్ల 2001 నవంబరులో ఆమోదం పొంది 2004 జూన్ 29న అమలులోకి వచ్చిన ఆహార వ్యవసాయ మొక్కల జన్యు వనరుల అంతర్జాతీయ ఒప్పందం మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. కొన్ని పంటలను ఒక ఉమ్మడి వ్యవస్థలో ఉంచి, వాటిని అందరూ ఒకే ప్రామాణిక పత్రంపై సంతకం చేసి తీసుకునే ఏర్పాటు చేసింది. భారతదేశం దీనిని 2002లోనే ధ్రువీకరించింది. 2006 అక్టోబరు 16న ఇక్రిశాట్ తన నిధిని ఈ ఒప్పందపు పాలకమండలి పర్యవేక్షణ కిందికి తెచ్చింది. అంటే పటాన్‌చెరులోని గింజకు ఆ సంస్థ యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే.

ఏ పంటలు ఈ ఉమ్మడి వ్యవస్థలో ఉన్నాయన్నది ఒప్పందం మొదటి అనుబంధం చెబుతుంది. జహీరాబాద్ రైతు మహిళ పొలాన్ని ఈ జాబితాతో పోల్చి చూస్తే విచిత్రమైన చిత్రం కనిపిస్తుంది. ఒకే చేనులో ఆమె వేసిన జొన్న, సజ్జ, కంది, శనగ, అలసంద జాబితాలో ఉన్నాయి. పక్క సాలులోని కొర్ర, సామ లేవు. గట్టున ఉన్న నువ్వు లేదు. వేరుశనగ కూడా లేదు. సోయాచిక్కుడుదీ అదే స్థితి. శాస్త్రం ఈ గీతను గీయలేదు, దేశాల మధ్య బేరసారాలు గీశాయి. అంతర్జాతీయ సంస్థల్లో ఒప్పందానికి ముందే ఉన్న కొర్ర వంటి పంటల నమూనాలకు కూడా అదే ప్రామాణిక పత్రాన్ని వర్తింపజేయాలని 2007లో పాలకమండలి నిర్ణయించింది. అయినప్పటికీ నేడు ఒక విదేశీ సంస్థ జహీరాబాద్ చేను నుండి కొర్ర కోరితే అది భారత జీవవైవిధ్య చట్టం, 2002 పరిధిలోకి వస్తుంది. ఒకే రైతు, ఒకే చేను, రెండు న్యాయ వ్యవస్థలు. జాబితాను విస్తరించేందుకు 2013లో మస్కట్ సమావేశంలో ఆరంభమైన ప్రయత్నం 2019లో రోమ్‌లో విఫలమై, 2022లో న్యూఢిల్లీ సమావేశంలో తిరిగి మొదలైంది.

ఈలోగా సాంకేతిక విజ్ఞానం జాబితాలను దాటిపోయింది. ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుక్రమం 2011లో, చైనా, అమెరికా పరిశోధకుల కృషితో కొర్ర జన్యుక్రమం 2012లో వెలువడ్డాయి. గింజ సరిహద్దు దాటకపోయినా దాని సమాచారం దాటుతుంది. ఈ సమాచారం వినియోగానికి ప్రతిఫలం చెల్లించే బహుపాక్షిక నిధికి జీవవైవిధ్య ఒడంబడిక దేశాలు 2024లో కొలంబియాలోని కాలి నగరంలో రూపమిచ్చాయి. చెల్లింపులు ఐచ్ఛికం కావడమే దాని బలహీనత. అంతర్జాతీయ ఒప్పందం కింద జరిగిన చెల్లింపుల అనుభవమూ అంతంతమాత్రమే. ఉమ్మడి వ్యవస్థ నుండి తీసుకున్న నమూనాతో రూపొందించిన రకాన్ని ఇతరులు పరిశోధనకు వాడకుండా అడ్డుకునే సంస్థ, అమ్మకాలలో 0.77 శాతం చెల్లించాలన్నది నియమం. ఒక వాణిజ్య విత్తన సంస్థ నుండి ఈ పద్ధతిలో తొలి చెల్లింపు 2018లో గాని రాలేదు. నెదర్లాండ్స్ నుండి వచ్చిన ఆ మొత్తం సుమారు 1.19 లక్షల డాలర్లు. ప్రపంచ విత్తన వ్యాపారం ముందు ఇది లెక్కలోనికి రాదు.

భద్రత విషయానికి వస్తే, జన్యు నిధుల విలువ యుద్ధకాలంలో స్పష్టమైంది. సిరియాలోని అలెప్పో సమీపాన గల ఇకార్డా సంస్థ తన విత్తన నకళ్లను నార్వేలోని స్వాల్బార్డ్ భూగర్భ కోశాగారంలో ముందే దాచి ఉంచింది. అంతర్యుద్ధం వల్ల సొంత నిధి అందుబాటులో లేకుండా పోగా, 2015లో ఆ నకళ్లను వెనక్కి తెప్పించి లెబనాన్, మొరాకోలలో తిరిగి పెంచింది. అంతర్యుద్ధంతో చితికిన సొమాలియాకు 400కు పైగా జొన్న నమూనాలను తిరిగి అందించినది పటాన్‌చెరు నిధి. ఇక్రిశాట్ కూడా తన నకళ్లను లక్షకు పైగా స్వాల్బార్డ్‌కు పంపింది. ఇక ధాన్యం వ్యాపారంలో ఏర్పడే ఒడిదుడుకులు వేరు. 2022 మే 13న భారతదేశం గోధుమ ఎగుమతిని, 2023 జూలైలో బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు పొరుగు దేశాల వంటశాలల్లో ధరలు కదిలాయి. రెండు మూడు ధాన్యాల మీద ఆధారపడిన ప్రపంచంలో ఒక దేశపు జాగ్రత్త మరొక దేశానికి కొరత అవుతుంది.

జహీరాబాద్ ప్రయోగాన్ని ఈ దృష్టితో చూడాలి. ఇక్కడి ఎర్ర జేగురు నేలలు పల్చనివి, వర్షాధారమైనవి. తొంభయ్యవ దశకంలో సంఘాల మహిళలు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నను ఊరిలోనే నిల్వచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించే ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీని నడిపారు. బియ్యం కార్డు దేశానికి ఆకలి తీర్చిందన్నది నిజమే. మెట్ట ప్రాంతపు జొన్నను కంచం నుండి తప్పించినది కూడా అదే. ప్రభుత్వ సేకరణలో చిరుధాన్యాలకు చోటు కల్పించి ఉంటే ఈ సంఘాల శ్రమ సగం తగ్గేది. సొసైటీ సహ వ్యవస్థాపకులు పి.వి. సతీష్ దశాబ్దాల పాటు వాదించినది ఇదే. భారతదేశ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి ప్రకటించిన చిరుధాన్యాల సంవత్సరం 2023లో, మార్చి 19న ఆయన కన్నుమూశారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అందించే ఈక్వేటర్ పురస్కారం లభించింది.

శీతల గదిలోని గింజకూ చేనులోని గింజకూ ఒక మౌలిక భేదం ఉంది. మొదటిది సేకరించిన నాటి స్థితిలోనే నిలిచిపోతుంది. రెండవది ఏటేటా వానను, బెట్టను, పురుగును ఎదుర్కొంటూ మారుతుంది. చలికాలపు మంచు తేమతోనే పండే పంటలను ఇక్కడి మహిళలు ‘సత్యం పంటలు’ అంటారు. ఆ గుణం చేనులో సాగు కొనసాగినంత కాలమే మెరుగుపడుతుంది. కనుక రెండు నిధులూ పరస్పరం పోటీ కావు. అయితే అంతర్జాతీయ వ్యవస్థ మొదటిదానికి చట్టబద్ధ స్థానం, నిర్వహణ నిధులు కల్పించింది. రెండవదానిని ఒప్పందపు 9వ అధికరణంలో రైతు హక్కులుగా గుర్తించి, అమలు బాధ్యతను ఆయా ప్రభుత్వాలకు వదిలివేసింది.

ఆ విషయంలో భారతదేశం చాలా దేశాల కంటే ముందున్నది. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001లోని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. రక్షిత రకాన్ని బ్రాండ్ పేరుతో అమ్మడం ఒక్కటే నిషిద్ధం. అయితే విత్తన హక్కు ఉండి విత్తడానికి నేల లేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితం. జహీరాబాద్ ప్రాంతంలో చెరకు, అల్లం, ఆలుగడ్డ, పత్తి, సోయాచిక్కుడు విస్తరించిన కొద్దీ కలగలుపు పంటల చేలు తగ్గాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తి మండలి కోసం నిర్దేశించిన భూమి 12,000 ఎకరాలకు పైబడినది. ఉపాధి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కానీ భూసేకరణ పరిహారాల లెక్కలో భూమికి, చెట్టుకు, బావికి వెల కడతారు. ఆ చేనులో మాత్రమే నిలిచిన రకానికి వరుస లేదు. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఏర్పడవలసిన యాజమాన్య కమిటీ, అది తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఇటువంటి సందర్భంలోనే అక్కరకు రావాలి. భూసేకరణకు ముందు ఆ రిజిస్టరును తెరిచి చూడడం, అందులోని రకాల నకళ్లను సమీప కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా జాతీయ జన్యు నిధికి పంపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. దిడిగిలో అటువంటి కేంద్రం ఉండనే ఉంది.

ఏటా సంక్రాంతి తరుణంలో ఎడ్ల బండ్ల మీద విత్తన బుట్టలతో బయలుదేరే పాత పంటల జాతర ఊరూరా తిరిగి మాచునూరులో ముగుస్తుంది. ఆ ఊరి నుండే 2008 అక్టోబరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. బండి ఆగిన చోట ఎవరి వద్ద ఏ రకం మిగిలి ఉంది, ఏది పోయింది అన్న లెక్క జరుగుతుంది. ఒక ఊరిలో అంతరించిన రకం మరొక ఊరి బుట్టలో దొరికితే మానెడు కొలిచి ఇస్తారు. వచ్చే ఏడాది రెండు మానికలు తిరిగి రావాలి.